దుబాసీ అరికాళ్లు

ఈ ముక్కలు నేను నిలబడి రాస్తున్నాను. కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని, రెండు కాళ్ల మీదా బరువు సమానంగా వేసి, గోడకు ఆనుకోకుండా రాస్తున్నాను. మా ఆవిడ పైడమ్మ ఇంతకుముందే వచ్చి పీట జరిపి వెళ్లింది. పీట అలాగే ఉంది. నేనిక నిలబడలేనని మాఘమాసంలో నలుగురూ తేల్చేశారు. ఇది శ్రావణం. నిలబడే రాస్తాను.

కబురు ముందే చెప్పేస్తాను, దాచుకోవడం నా చేత కాదు. అరకు కచేరీలో నా దుబాసీ ఉద్యోగం నిన్నటితో ఖాయమైంది. అంతకంటే పెద్ద కబురు, ఇవాళ పొద్దున్న మంచం దిగి మొదటి అడుగు వేసినప్పుడు నాకు పాదం ఉన్న సంగతే గుర్తు రాలేదు. ఈ మాటలో ఎంత సంతోషముందో మడమ నొప్పి పడ్డవాళ్లకే తెలుస్తుంది. మిఠాయి కొట్లో బాణలి ముందు నిలబడేవాళ్లు, కూడళ్లలో నిలబడే జవాన్లు, బడిలో కుర్చీ ఉన్నా కూర్చోవడానికి వీల్లేని పంతుళ్లు, ఇది మీకోసం రాస్తున్నాను. సిగ్గుపడి దాచుకోకండి. నేను దాచుకుని చెడ్డాను.

కార్తికం నుంచి మాఘం దాకా

మా నాన్న ఎద్దుల మీద ఉప్పు వేసుకుని శృంగవరపుకోట నుంచి అనంతగిరి కనుమ మీదుగా అరకు సంతకు తెచ్చేవాడు. తిరుగు దారిలో పసుపు, చింతపండు. చిన్నప్పుడు ఆ బస్తాల మీద కూర్చుని నేనూ వచ్చేవాణ్ని. నాన్న బేరం చేస్తుంటే నేను కొండ పిల్లలతో ఆడేవాణ్ని. అలా కొండ ఒడియా నాకు ఆటలతో పాటే వచ్చేసింది. తర్వాత విజయనగరంలో చదువు. మా వంశంలో వేలిముద్ర మానేసి సంతకం పెట్టిన మొదటివాణ్ని నేనే, బి.ఏ. ప్యాసైన మొదటివాణ్నీ నేనే. మధ్యలో ఇంకెవరూ లేరు. ఫలితం తెలిసే నాటికి నాన్న లేడు. అమ్మ మాత్రం వీధిలో ఎదురొచ్చిన ప్రతివాళ్లనీ ఆపి, "మా గుంటడు బీయే అయిపోనాడు" అని చెప్పింది. బీయే అంటే ఏమిటని ఒకావిడ అడిగితే, "నాకేటి తెలుసు? అయిపోనాడు" అంది.

అక్షయ నామ సంవత్సరం కార్తికంలో కచేరీలో చేరాను. తగవులు వినే దొర గారు మద్రాసు వైపువారు. ఆయనకు ఇంగ్లీషు, అరవం వచ్చు, తెలుగు కొంచెం. కొండవాళ్లకు వాళ్ల భాషే వచ్చు. మధ్యలో నేను. వాళ్లు చెప్పింది ఆయనకు ఇంగ్లీషులో చెప్పాలి, ఆయన అన్నది వాళ్లకు వాళ్ల మాటలో చెప్పాలి. నాకు ముందు ఈ పని ముఠాదారు మనిషి ఒకడు చేసేవాడు. ముఠాదారంటే ఆ చుట్టుపక్కల ఊళ్ల మీద శిస్తు వసూలు చేసే పెద్ద. కొండవాడు ఎంతసేపు చెప్పుకున్నా ఇతను రెండు ముక్కల్లో ముగించేవాడట, ఆ రెండు ముక్కలూ ముఠాదారుకు పనికొచ్చేవేనట. అందుకే నేను చేరిన రోజు నా చేత ప్రమాణం చేయించారు. చెప్పినదంతా చెప్తాను, ఏదీ కలపను, ఏదీ వదలను అని.

పని నాకు పండగలా ఉండేది. ఒక్కటే కష్టం. దుబాసీ కూర్చోకూడదు. దొర గారి బల్లకు ఎడమ పక్కన, రాతి పలకల మీద, వట్టి కాళ్లతో, కచేరీ ముగిసేదాకా నిలబడాలి. చెప్పులు మెట్ల దగ్గరే. ఈ మర్యాదలన్నీ చూసుకునేది శిరస్తాదారు గారు, అంటే కచేరీలో దొర తర్వాత దొర. నేను చేరిన రోజే ఆయన నన్ను పక్కకు పిలిచి, ముప్పై ఏళ్లుగా తాను నిలబడే పనిచేశానని, తనకేమీ కాలేదని చెప్పారు. ఆయన నిలబడేది ఎప్పుడూ బీరువాకు వీపు ఆనించి అని తర్వాత తెలిసింది. దుబాసీ దగ్గర బీరువా లేదు.

పుష్యమాసంలో మొదలైంది. అరకులో పుష్యం చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు, ఆ రాళ్లు పొద్దున్న మంచులా ఉండేవి. మొదట సాయంత్రాలు మడమలో సలుపు. తర్వాత పొద్దున్న మంచం దిగగానే పల్లేరుకాయ మీద కాలు వేసినట్టు. నాలుగడుగులు వేస్తే తగ్గేది కాబట్టి పోనీలే అనుకున్నాను. మాఘం వచ్చేసరికి ఆ పల్లేరుకాయ మేకైంది. మడమ నుంచి అరికాలి నడిమికి, అక్కడి నుంచి పిక్కల్లోకి. కచేరీలో ఒక కాలి మీద నుంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, మార్చినట్టు కనబడకుండా, మొహం మీద నవ్వు ఉంచుకుని నిలబడేవాణ్ని. మెదడు సగం మాట మీద, సగం మడమ మీద. ఒక రోజు ఒక మనిషి చెప్పిన ఊరి పేరు నా చెవిలో పడనే లేదు, మళ్లీ అడగాల్సి వచ్చింది. భయం అప్పుడు పట్టుకుంది. నొప్పికి కాదు. నేనూ మాటలు వదిలేసే దుబాసీనవుతానేమోనని.

శిరస్తాదారు గారికి ఆ కాలి మార్పులు కనబడనే కనబడ్డాయి.

"ఏమయ్యా బి.ఏ. గారూ, కచేరీలో ఆ తైతక్కలేమిటి?" అన్నారు. "నిలబడలేకపోతే చెప్పు. వెనకటివాడు ఇంకా ఊళ్లోనే ఉన్నాడు, కబురు పెడితే వస్తాడు."

ప్రొబేషన్ కాలం. ఆయన ఒక్క మాట పైకి చేరవేస్తే చాలు, నేను ఇంటికి, ముఠాదారు మనిషి మళ్లీ బల్ల పక్కకి. ఆ రోజు నుంచి కాలు మార్చుకోవడం కూడా మానేశాను. అది నేను చేసిన మహా తెలివితక్కువ పని.

ఫాల్గుణం

ఇంట్లో దాచడం కుదరలేదు. అమ్మ నా కాలు పట్టుకుని చూసి, ఆనికాయంది. ఇటుక ఎర్రగా కాల్చి, దాని మీద జిల్లేడాకులు పరిచి, ఆ ఆకుల మీద మడమ పెట్టమంది. పెట్టినంతసేపు హాయిగానే ఉండేది. తీస్తే మళ్లీ అంతే. పైడమ్మ పాత చీరలు మడతపెట్టి చెప్పుల్లో వేసి కుట్టింది. బూరుగు దూది కూరింది. మెత్తగా ఉంటే నొప్పి పోతుందని ఇద్దరం అనుకున్నాం. మెత్తదనంలో పాదం ఇంకా కిందికి దిగి నొప్పి రెట్టింపైంది. ఇది మీరు చేయకండి.

ఆఖరికి అమ్మ వాతలు పెట్టించాలంది. శృంగవరపుకోట దగ్గర మా ఊళ్లో వాతలు పెట్టే ముసలాయన ఉన్నాడు, పశువులకీ మనుషులకీ ఒకే ఇనుము. అమ్మ ఆయనకు కబురు పంపడానికి సిద్ధమైతే పైడమ్మ అడ్డం పడింది. పైడమ్మ అమ్మకు సొంత అన్న కూతురు, కాబట్టి కోడలి బెరుకు లేదు.

"అత్తా, రేప్పొద్దున్న ఆ కాలేసుకుని ఎవులు నిలబడాల? నువ్వెల్లి నిలబడతావేటి కచేరీలో?"

"మీ మావయ్యకి పెడితే తగ్గలేదేటే?"

"మావయ్య ఎద్దెక్కి తిరిగినోడు. బావకి ఎద్దు లేదు."

అమ్మకు కోపం వచ్చింది. ఆ పూట ఎవరి కంచం వాళ్లు పట్టుకుని మూడు మూలల్లో కూర్చుని తిన్నాం. అలాంటి పూటలు ఆ నెలలో చాలానే గడిచాయి. నొప్పి కాలికి ఒక్కదానికే వస్తే ఎంత బాగుండేదో. అది ఇంట్లో ప్రతివాళ్ల మాటలోకీ దూరుతుంది. నేను కూడా పైడమ్మ మీద అరిచాను, గిన్నె చప్పుడైందని. ఆమె గిన్నెలన్నీ దొడ్లోకి తీసుకెళ్లి తోమింది. కాసేపటికి దొడ్లోంచే, "బావా, ఇప్పుడు వినబడతందేటి?" అని అడిగింది. నవ్వాపుకోలేకపోయాను.

వాతలు మాత్రం పెట్టించుకోలేదు. కాలిన పాదంతో నిలబడలేను, నిలబడకపోతే పని పోతుంది. నాకప్పుడున్న తర్కం అంతే. ఉగాది సెలవులు రాగానే కింద టౌను ఆసుపత్రికి పోదామని పైడమ్మ డోలీ మాట్లాడింది. డోలీ ఎక్కినప్పుడు కళ్లనీళ్లు తిరిగాయి. చిన్నప్పుడు ఉప్పు బస్తాల మీద కూర్చుని పాటలు పాడుకుంటూ దిగిన కనుమ అది. చదువుకున్న కొడుకును కర్రకు కట్టి మోసుకెళ్తున్నారని దారి పక్కన ఎవరో అనడం వినబడింది. డోలీ తెర పక్కకు తీసి వాళ్ల వైపే చూశాను. అననీ.

ప్రభవ, చైత్రం

కొత్త సంవత్సరం నాకు ఆసుపత్రి వరండాలో మొదలైంది. పొడుగాటి బల్ల ఒకటి, దాని మీద పట్టనంత మంది. నా వాలకం చూసి ఒక పోలీసు జవాను లేచి, "బావూ, ఇటు కూకో" అన్నాడు. తన కాలు కూడా కట్టుకట్టి ఉంది. వద్దంటే వినలేదు. నిలబడ్డం తనకు అలవాటేనన్నాడు, ఆ అలవాటు వల్లే కదా ఇక్కడికొచ్చావంటే నవ్వాడు. పక్కనే మిఠాయి కొట్టు వంటాయన. ఆయనదీ మడమే. బట్టల కొట్లో పనిచేసే నడివయసు మనిషిదీ మడమే. మాటల్లో తెలిసింది, ఎవరి ఉపాయం వాళ్లకుంది. మిఠాయి ఆయన గోనె సంచి నాలుగు మడతలు వేసి దాని మీద నిలబడతాడు. జవాను బూట్లలో తాటాకు ముక్క పెట్టుకున్నాడు. బట్టల కొట్టాయన ఎవరూ చూడనప్పుడు బేళ్ల మీద ఒక కాలు ఎత్తి పెట్టుకుంటాడు. వాళ్లలో ఎవరూ ఇంట్లో చెప్పలేదట. నాకు ఒక్కసారిగా ఎంత బలం వచ్చిందో చెప్పలేను. ఇన్నాళ్లూ ఇది నా ఒక్కడి చేతకానితనమనుకున్నాను. కాదు. నిలబెట్టే పనులు చేసే జబ్బు ఇది.

డాక్టరు గారు ముక్తసరి మనిషి. నన్ను నిలబడమనలేదు, ముందు దానికే ఆయనకు దణ్ణం పెట్టాలనిపించింది. పాదాలు నీళ్లలో తడిపి, పొడి గచ్చు మీద ఒక్క అడుగు వేయించారు. తర్వాత తనూ చెప్పు విప్పి, కాలు తడుపుకుని, పక్కన అడుగు వేశారు. ఆయన అడుగులో మడమ, మునివేళ్లు, వాటిని కలుపుతూ పక్కన సన్నటి గీత. నా అడుగు అంతా నిండుగా, రొట్టెలా అచ్చుపడింది.

"మీ అరికాలి వంపు దిగిపోయింది," అన్నారు. "కూర్చునే పని చూసుకోండి."

"అది కుదరదండీ," అన్నాను. "నిలబడే పనే చేస్తాను. దానికేం చేయాలో చెప్పండి."

ఉద్యోగం ఏమిటని అడిగారు. చెప్పాను. ముఠాదారు మనిషి సంగతీ చెప్పాను. అప్పుడు కాగితం మీద పాదం గీసి, వంపు ఉండాల్సిన చోట గుమ్మటంలా ఒక గీత గీశారు. మంచి బూట్లు, వాటి లోపల తోలు అట్ట, ఆ అట్టకు ఇక్కడ ఎత్తు. కింద నుంచి ఆసరా ఉంటే పైన బరువు మోయవచ్చన్నారు. మొదట నొప్పిగానే ఉంటుందని, రోజూ కొంచెం కొంచెం సేపు పెంచుకోవాలని, వట్టి కాళ్లతో రాతి మీద నిలబడ్డం మానాలని మరీ మరీ చెప్పారు.

ఆసుపత్రి వెనక సందులో బూట్లు కుట్టే గంగయ్య ఇంటికి పైడమ్మా నేనూ వెళ్లాం. గంగయ్య పోలీసు బూట్లు బాగుచేసేవాడు కాబట్టి ఒక పాత జత నా కాలికి సరిపడేది ఉంది. అట్టలు మాత్రం ఎప్పుడూ చేయలేదన్నాడు. డాక్టరు గారి బొమ్మ తలకిందులుగా కూడా తిప్పి చూశాడు. మొదటి అట్ట తొడిగితే అరికాలి కింద మామిడి టెంక పెట్టినట్టుంది. చెక్కాడు. మళ్లీ తొడిగాను. మళ్లీ చెక్కాడు. ఎక్కువ చెక్కేశాడు, పారేసి కొత్తది మొదలుపెట్టాడు. దున్నపోతు తోలు పొరలు మీద మీద అంటించి, పైన మేక తోలు కుట్టి, ఆ సాయంత్రానికి ఒకటి కుదిరింది. లేచి నిలబడ్డాను. నొప్పి ఉంది. కానీ పాదాన్ని కింద నుంచి ఎవరో అరచేత్తో పట్టుకున్నట్టుంది. పైడమ్మ నా మొహమే చూస్తోంది.

"ఎలాగున్నాది బావా?"

"ఉన్నాది," అన్నాను. మా ఊరి యాస కాలేజీలో పోయిందనుకున్నాను, ఆ క్షణంలో తిరిగొచ్చింది.

వైశాఖ జ్యేష్ఠాలు

బూట్లతో అరకు చేరాక రెండు యుద్ధాలు. ఒకటి కచేరీలో, ఒకటి ఇంట్లో. ఇంటిదే ముందు.

తోలు గడప దాటడానికి వీల్లేదంది అమ్మ. సరే, బూట్లు వరండాలో చిక్కంలో వేలాడదీశాం. ఇంటి చుట్టూ తొడుక్కుని నడిచేవాణ్ని, మొదట వంట అయ్యేంతసేపు, తర్వాత ఇంకాస్త. కచేరీలో మాత్రం అవి అలవాటయ్యేదాకా వట్టి కాళ్లే. పొద్దుటి మొదటి అడుగు తేలికవుతోంది. అమ్మ కూడా చూసింది. చూసి, కొడుక్కి ఇంత మేలు చేసే వస్తువు పశువు తోలుదై, ఎక్కడెక్కడో తిరిగొచ్చినదై ఉండకూడదనుకుంది. నేను లేని పూట అట్టలు బయటికి లాగి, కుంకుడుకాయతో రుద్ది, పసుపు నీళ్లలో ముంచి, పొయ్యి మీది తడక మీద ఆరబెట్టింది. జ్యేష్ఠం వానల్లో అరకులో ఏదైనా అక్కడే ఆరుతుంది, మొక్కజొన్న పొత్తులైనా, తడి బట్టలైనా. అట్టలూ ఆరాయి. అప్పడాల్లా ముడుచుకుని, ఎముకలా గట్టిపడి, గుమ్మటం ఒక పక్కకు ఒరిగిపోయి.

అమ్మ వాటిని రెండు చేతులా పట్టుకుని నిలబడింది.

"నీ కాలెట్టేదే కదా నాయినా," అంది. "కడిగినాను."

మర్నాడూ వట్టి కాళ్లతోనే కచేరీకి పోయాను, సాయంత్రం గోడలు పట్టుకుని ఇంటికొచ్చాను. అమ్మ ఇంట్లో లేదు. తెల్లారకముందే బూట్లూ అట్టలూ వెదురు గంపలో పెట్టుకుని, గంప నెత్తిన పెట్టుకుని, సంత మనుషుల వెంట కనుమ దిగిపోయిందని పైడమ్మ చెప్పింది. తోలు గడప దాటకూడదన్న మనిషి. డోలీ మాట్లాడతానంటే వద్దని, నడిచే పోయిందట.

కొన్నాళ్లకు తిరిగొచ్చింది, కాళ్లు వాచిపోయి. గంగయ్య అరుగు మీద కూర్చుని, పని అయ్యేదాకా అక్కడే ఉండి చేయించుకొచ్చింది. ఆ అరుగు మీద కూర్చున్న సంగతి మా కోట చుట్టాలకు తెలిస్తే ఏమంటారోనని పైడమ్మ అంటే, అమ్మ గంపలోంచి బూట్లు తీసి నా ముందు పెట్టి, "అన్నోల్లొచ్చి నిలబడమను కచేరీలో" అంది. తర్వాత గంప అడుగు నుంచి ఇంకో జత అట్టలు తీసింది.

"రెండు జతలు సేయించినాను. ఒకటి నాను కడిగీసినా ఇంకోటి ఉంటాది."

ఇంత నవ్వు ఆ ఇంట్లో చాలా రోజుల తర్వాత వినబడింది. ఆ జత ఇప్పటికీ గూట్లో ఉంది. అమ్మ దాన్ని కడగలేదు.

ఆషాఢం

ఆ బూట్లు తొడుక్కుని కచేరీకి వెళ్లిన రోజు మెట్ల దగ్గరే శిరస్తాదారు గారు చెయ్యి అడ్డం పెట్టారు. మైదానం నుంచి వచ్చే వకీలు గారు బూట్లతో లోపలికి పోతారు, ఆయన్నెవరూ ఆపరు. మేజోళ్లు వేసి బూట్లు తొడిగితే తప్పులేదని, విప్పాల్సింది చెప్పులేనని ఆయనే నాకు చెప్పారు. అదే మాట అన్నాను. నేనూ మేజోళ్లు వేశానన్నాను.

"ఆయన వకీలు, నువ్వు దుబాసీవి," అన్నారు శిరస్తాదారు గారు. "విప్పు. లేకపోతే అటు నుంచి అటే ఇంటికి పో."

లోపల కొండ జనం ఎదురుచూస్తున్నారు. విప్పాను. తల వంచుకుని మాత్రం విప్పలేదు. మెట్ల మీద, అందరికీ కనబడేట్టు, వచ్చే పోయేవాళ్ల కాలికి తగిలేట్టు, రెండు బూట్లూ పక్కపక్కన పెట్టి లోపలికి నడిచాను. మర్నాడూ అంతే చేశాను. ఆ మర్నాడూ అంతే. ప్రతి ఉదయం తొడుక్కుని వస్తాను, ఆయన విప్పమంటారు, నేను వకీలు గారి పేరెత్తుతాను, ఆయన కళ్లెర్రజేస్తారు. సాయంత్రానికి కాలు నిప్పులు. డాక్టరు గారు వద్దన్నది సరిగ్గా ఇదే. ఇలా ఇంకో నెల గడిస్తే కాళ్లు మళ్లీ డోలీ దాకా వస్తాయని నాకు తెలుసు, శిరస్తాదారు గారికీ తెలుసు.

అప్పుడు సొంబారి వచ్చింది.

సొంబారి కొండ ముసలమ్మ. మెడ నిండా పూసలు, ముక్కుకు మూడు ముక్కెరలు. తన ఇంటి వెనక తన చేత్తో నాటిన పనసచెట్టును ముఠాదారు బావమరిది తన కంచెలో కలిపేసుకున్నాడని ఫిర్యాదు. ఇది వెనకటి దుబాసీ చేతిలో పడితే చెట్టు ఆమెది కానేకాదని దొర గారికి తెలిసి ఉండేది. ఆమెను ముందుకు పిలిచారు. వచ్చింది. దొర గారి వైపు చూడలేదు. నన్ను పైనుంచి కిందికి చూసి, నా కాళ్ల దగ్గర ఆగింది. అప్పటికి నేను ఒక మడమ ఎత్తి వేళ్ల మీద నిలబడ్డాను.

"బొస్," అంది నాతో. కూర్చో అని.

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె దొర గారి వైపు తిరిగి, నెమ్మదిగా, గట్టిగా తమ మాటలో చెప్పింది. వాళ్ల ఊళ్లో తగవు చెప్పుకునే చోట కూర్చునే రాళ్లు ఉన్నాయట. చెప్పేవాడూ వినేవాడూ రాయి మీద కూర్చున్నాకే మాట మొదలవుతుందట. నిలబడ్డవాడు పోట్లాటకు వచ్చినవాడో, పోవడానికి తొందరపడేవాడో అట, అలాంటివాడి నోట్లో తన మాట పెట్టదట. ముందు ఈ గుంటడిని కూర్చోబెట్టు, తర్వాత నా చెట్టు సంగతి చెప్తాను, ఇదీ ఆమె అన్నది.

నేను నోరు తెరిచాను. శిరస్తాదారు గారికి కొండ మాట కొద్దిగా తెలుసు, అర్థమైపోయింది.

"అది వదిలేయ్," అన్నారు తగ్గు గొంతుతో. "చెట్టు సంగతికి రమ్మను."

ఏదీ వదలనని ప్రమాణం చేశాను. వదల్లేదు. ప్రతి మాటా, గుంటడన్న మాటతో సహా, ఇంగ్లీషులో దొర గారి ముందు పెట్టాను.

దొర గారు కలం కింద పెట్టారు. "ఇది ఆమె అన్నదా, నువ్వంటున్నదా?" అని ఇంగ్లీషులో అడిగారు.

ఆ గదిలో రెండు భాషలూ పూర్తిగా వచ్చినవాణ్ని నేనొక్కణ్ని. నా మాటకు నేనే సాక్షి, పైగా లాభపడేది నేను. వెనకటి దుబాసీ మీద పడ్డ మచ్చ నా మీద పడబోతోంది, పడితే ఉద్యోగమొక్కటే కాదు, ఇకమీద నేను చెప్పే ఏ కొండమనిషి మాటా నిలవదు. ఏమని రుజువు చేయను?

రుజువు సొంబారే చేసింది. మేము మాట్లాడుకోవడం చూసి విసుగొచ్చినట్టుంది. గదిలో ఉన్నచోటే చతికిలబడి, తన పక్కన రాతి పలక మీద అరచేత్తో రెండు చరుపులు చరిచి, నా పంచె కొస పట్టుకుని కిందికి లాగింది. దానికి ఏ దుబాసీ అక్కర్లేదు. వకీలు గారు నవ్వేశారు. దొర గారి మీసం కదిలింది.

"స్టూలు వెయ్యమంటారా?" అన్నారు శిరస్తాదారు గారు, ఇలా అంటే వద్దంటారనే ధీమాతో.

స్టూలు వేస్తే కూర్చోవచ్చు. ఆ ఒక్క తగవుకి. రేపు మళ్లీ రాళ్లు. అందుకే దొర గారు బదులిచ్చేలోగా నేనే చెప్పాను. స్టూలు వద్దండీ, నిలబడే పనిచేస్తాను, నా బూట్లు మెట్ల దగ్గరున్నాయి, మేజోళ్లు కూడా ఉన్నాయి, నాకవి ఇప్పించండి. అరికాలి వంపు సంగతి, అట్టల సంగతి కూడా చెప్పాను, దాచకుండా. చెప్పడానికి ఇన్నాళ్లు భయపడ్డానే, తీరా చెబితే పట్టింది నాలుగు ముక్కలు.

దొర గారు శిరస్తాదారు గారి వైపు చూసి, బూట్లను ఎవరు ఆపారని అడిగారు. ఆయన బీరువా వైపు తిరిగారు. దొర గారు తెచ్చుకోమని నాకు సైగ చేశారు.

తొడుక్కుని వచ్చి నా చోట నిలబడ్డాను. అంతటితో అయిపోయిందనుకున్నాను. సొంబారి ఒప్పుకోలేదు. ఇంకా నిలబడే ఉన్నావు కదా అంది. దొర గారు గడియారం చూసుకుంటున్నారు. నేను ఒక బూటు విప్పి, అందులోంచి అట్ట బయటికి తీసి, ఆమె చేతికిచ్చాను. బొటనవేలితో తడిమింది. గుమ్మటం దగ్గర వేలు ఆగింది. ఇదేమిటని అడిగింది.

మీ ఊళ్లో రాయి మీద కూర్చుంటారు కదా, ఇది నా రాయి, కాలి కింద పెట్టుకు తిరుగుతున్నాను, ఇక నాకు పోయే తొందర లేదు, నువ్వెంతసేపు చెప్పినా వింటాను అన్నాను.

ఆమె దాన్ని ఇంకోసారి తడిమి, మోకాలి మీద పెట్టి చేత్తో నొక్కి చూసింది. పళ్లు లేని నోటితో నవ్వి, నా బూటు తన చేతికి తీసుకుని, అట్ట లోపల తనే పెట్టింది. అప్పుడు మొదలుపెట్టింది, పనసగింజ ఏ ఊరి నుంచి తెచ్చిందో అక్కడి నుంచి. శిరస్తాదారు గారు మధ్యలో బీరువాకు ఆనుకోవడం మాని కుర్చీలోకి మారారు. నేను మారలేదు. ఒక్క మాట వదల్లేదు. మొక్కకు నీడ పందిరి ఎవరు వేశారో, మొదటి కాయ ఎవరికి పెట్టిందో అన్నీ చెప్పాను. చెట్టు ఆమెదేనని తీర్పు వచ్చింది. ఆ రోజు నుంచి నా బూట్లను మెట్ల దగ్గర ఎవరూ ఆపలేదు.

వాతలు పెట్టించుకోకండి. దూది కూరుకోకండి. అట్టలు పొయ్యి మీద ఆరబెట్టకండి. నీ పని నువ్వు చేయలేవని ఎవరైనా అంటే, వాళ్లు ఎక్కడ ఆనుకుని ఆ మాట అంటున్నారో ఒకసారి చూడండి.

కాగితం అయిపోయింది. పైడమ్మ జరిపిన పీట అక్కడే ఉంది. ఇక కూర్చుంటాను. కాళ్లు అడగలేదు, నాకే కూర్చోవాలనిపించింది.